హెస్కెల్ తవుకే కోసం పదిమంది

పోయిన నెల ఒక ఉదయం మా ఫ్లాటు గంట మోగింది. తలుపు తీస్తే యాభై ఏళ్ళ ఆవిడ ఒకరు గొడుగు ముడుస్తూ నిలబడి ఉన్నారు. "పడవల చింతాడ వారంటే మీరేనా?" అని ఇంగ్లీషులో అడిగారు. నన్ను ఆ పేరుతో అడిగినవాళ్ళు లేక చాలా కాలమైంది. ఈ భవనంలో నేను పదకొండో అంతస్తు టీచరమ్మను. చదువు చెప్పడం మానేసినా ఆ పిలుపు మిగిలింది, ఇంటిపేరు మిగలలేదు. తలుపు పూర్తిగా తెరిచి, "అవును, చింతాడ వారి మనిషినే" అన్నాను.

ఆవిడ పేరు రూత్. మెల్‌బోర్న్ నుంచి వచ్చారు. మా పాత వీధిలో మా పక్కింట్లో ఉండిన హెస్కెల్ తవుకేకి తమ్ముడి మనవరాలు. తవుకే అంటే ఇక్కడ షావుకారును పిలిచే మాట. ముందు ఆ వీధికే వెళ్ళి పడవల వారి ఇల్లు ఎక్కడని అడిగారట. ఇప్పుడక్కడ ఉన్న హోటలు పిల్లలకు ఆ సంగతి తెలియదు. గుడి దగ్గర పూలమ్మే ముసలామె గుర్తుపట్టి ఇక్కడికి పంపింది. రూత్ కాఫీ తాగలేదు, మంచినీళ్ళు పుచ్చుకున్నారు. గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అన్నారు: "హెస్కెల్ తాతయ్యకు చదవవలసిన ప్రార్థన ఒకటి మిగిలిపోయింది. మీకు తెలుసు కదా. వచ్చే ఆదివారం సమాధి దగ్గర చదవబోతున్నాం. మీరు రావాలి."

తెలుసు. ఆ ప్రార్థన మిగిలిపోవడం వాళ్ళ కుటుంబానికి దుఃఖమైతే మా కుటుంబానికి మాట పోవడం. మా తాత ఇచ్చిన మాటల్లో తీరనిది అదొక్కటే. దాని గురించి మా ఇంట్లో రెండు తరాలు తగువులాడుకున్నాయి. ఇప్పుడు ఆ తగువు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను కనుక రాస్తున్నాను.

మేము బతికి చెడినవాళ్ళం. అది దాచను, దాని మీద జాలి కూడా కోరను. మా తాత తండ్రి చికాకోలు వైపు నుంచి ఈ మలయ్ దేశపు రబ్బరు తోటకు కూలీగా వచ్చాడు. తాత, చింతాడ అప్పన్న, తోట వదిలి జార్జ్ టౌన్ రేవుకు చేరి, పడవ కూలీగా మొదలై పడవల యజమాని అయ్యాడు. అప్పట్లో పెద్ద ఓడలు ఒడ్డుకు రాకుండా దూరంగా లంగరు వేసేవి. సరుకంతా తొంగ్‌కాంగ్ అనే వెడల్పాటి పడవల్లోకి దింపి గోదాములకు చేర్చేవారు. ఆ పడవలు మావి. తాత తెల్లటి కోటు, గంజి పెట్టిన పంచె, తలపాగాతో రేవు మీద నడుస్తుంటే చీనా షావుకార్లు కూడా పక్కకు తప్పుకుని పలకరించేవారని మా మామ్మ చెప్పేది. మామ్మ, అంటే మా నాన్న తల్లి, గొప్పలు చెప్పే మనిషి కాదు. అందుకని నమ్ముతాను.

మేమున్న వీధిని ఇంట్లో యూదుల వీధి అనేవాళ్ళం. సర్కారు పలక మీద వేరే పేరు ఉండేది, ఇప్పుడు అదీ మారింది. ఒకప్పుడు ఆ వీధికి ఒక పక్కంతా వాళ్ళవే ఇళ్ళు. బాగ్దాద్ నుంచి బొంబాయి, రంగూన్ మీదుగా బట్టల వ్యాపారానికి వచ్చినవాళ్ళు. ఒక అంగడి మేడ మీద వాళ్ళకు ప్రార్థన గది ఉండేది. జపాను వాళ్ళ యుద్ధంలో సగంమంది చెదిరిపోయారు. తరవాత సింగపూరుకు కొందరు, ఆస్ట్రేలియాకు కొందరు వెళ్ళారు. నాకు బుద్ధి తెలిసేసరికి మా వీధిలో మిగిలింది ఒక్క ఇల్లే, మా గోడ పక్క ఇల్లు. అందులో హెస్కెల్ తవుకే, ఆయన చెల్లెలు మోజెల్ ఆంటీ ఉండేవారు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఊళ్ళో వేరే చోట్ల ఇంకో ముగ్గురు నలుగురు ముసలివాళ్ళు ఉండేవారు. ప్రార్థన గది కిటికీలు మూసి ఉండేవి. కింద అంగడివాడు ఆ మెట్ల మీద బియ్యం బస్తాలు పెట్టుకునేవాడు.

శుక్రవారం సాయంత్రం రెండిళ్ళకూ ఒకే రకమైన హడావిడి. మా మామ్మ గడప కడిగి పసుపు రాసి దీపం పెట్టేది. గోడకు అవతల మోజెల్ ఆంటీ ఇల్లు తుడిచి, చీకటి పడకముందే తన దీపాలు వెలిగించుకునేది. అప్పటికే బొగ్గుల కుంపటి మీద కోడి, బియ్యం కలిపిన గిన్నె ఎక్కించి మూతకు పిండి మెత్తి ఉంచేది. అది తెల్లవార్లూ సన్నగా ఉడుకుతూ ఉండేది. శనివారం వాళ్ళు నిప్పు ముట్టరు. ఏలకుల వాసన, మాడిన బియ్యం వాసన గోడ దాటి మా పెరట్లోకి వచ్చేది. మా ఇంట్లో నుంచి ఎండుచేపల పులుసు వాసన అటు వెళ్ళి ఉంటుంది. కానీ ఎవరి వంట ఎవరూ తినలేదు. వాళ్ళకు వాళ్ళ నియమం, మా మామ్మకు ఆమె పట్టుదల. అందుకని ఒక పద్ధతి దానంతట అది ఏర్పడింది. వండినది ఇవ్వకూడదు, పచ్చిది ఇవ్వవచ్చు. బొప్పాయిలు, నిమ్మకాయలు, అరటి గెల, పసుపు కొమ్ములు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు గోడ మీదుగా వెళ్ళేవి. మోజెల్ ఆంటీ బొప్పాయిని రెండు చేతులతో అందుకుని వాసన చూసి, "రేపటికి" అనో "ఎల్లుండికి" అనో మలయ్‌లో చెప్పేది. ఆ రోజుకే పండేది.

సాయంత్రాలు తాత, హెస్కెల్ తవుకే వరండాలో చెరొక కుర్చీలో కూర్చునేవారు. ఆ వరండా వీధి పొడుగునా ఇళ్ళ ముందు కప్పు కింద సాగేది. ఎవరి కాఫీ వారిదే, ఎవరి కప్పు వారిదే. ఇద్దరూ మలయ్‌లో మాట్లాడుకునేవారు. హెస్కెల్ తవుకే పొట్టిగా, మెడ కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. తాత ఎదుట కూర్చున్నప్పుడు మాత్రం మెడ ఎత్తి పెట్టుకునేవాడు. నేను మెట్టు మీద కూర్చుని పూలు కడుతూ వినేదాన్ని. ఒక సాయంత్రం ఆయన, సింగపూరులో ఎవరో పోయారన్న కబురు వచ్చాక అన్నాడు:

"అప్పన్నా, నేను పోయే నాటికి ఇక్కడ పది మంది ఉండరు."

"పది మందేటి?"

"మాలో మనిషి పోతే పది మంది మగవాళ్ళు నిలబడాలి. అప్పుడే చదవాల్సింది చదువుతారు."

"ఒకరు తగ్గితే?"

"తగ్గితే కుదరదు."

తాత పెద్దగా నవ్వాడు. తోటల్లోనూ రేవులోనూ ఎన్నో చావులు చూసిన మనిషి. మనిషి బతుకు ఎలాంటిదో చివర్న భుజం పట్టే నలుగురే చెబుతారని ఆయన నమ్మకం. మాకు నలుగురైతే వీళ్ళకు పది మంది కాబోలు, పెట్టె బరువు ఎక్కువ కాబోలు అనుకున్నాడు. "ఇంతేనా? నువ్వు నిశ్చింతగా ఉండు. పది మందిని నేను తెస్తాను. నా మాట" అన్నాడు.

హెస్కెల్ తవుకే కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. తరవాత "బోలే" అన్నాడు. అంటే సరే అని.

రాత్రి భోజనం వడ్డిస్తూ మామ్మ అంది: "బతికున్న మనిషితో ఆ మాటలేటి?"

"ఆయన అడిగినాడు. నాను ఒప్పుకున్నాను."

"అడిగినాడా, సెప్పినాడా?"

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు" అని మామ్మ పులుసు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తరవాత రేవు మారింది. ఓడలు అవతలి ఒడ్డున బటర్‌వర్త్ గట్టుకే నేరుగా ఆనుకోవడం మొదలుపెట్టాయి. సరుకు పెద్ద ఇనుప పెట్టెల్లో వచ్చేది. చాలా ఓడలు ఇక్కడికి రాకుండా పోర్ట్ క్లాంగ్‌కు పోయేవి. పడవలతో పని లేకపోయింది. తాత పడవలు ఒక్కొక్కటే అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళు వాటిని చెక్క కోసం పగలగొట్టారు. కూలీలు గట్టు మీద పనులకు చెదిరిపోయారు. తాత మాత్రం రోజూ అదే వేళకు కోటు తొడుక్కుని రేవుకు వెళ్ళి వచ్చేవాడు. గంజి పెట్టేవాడు మానేశాక మామ్మే గంజి పెట్టేది. ఇంట్లో ఏం తగ్గినా ఆ కోటు తెల్లదనం తగ్గలేదు.

వానలు పడుతున్న రోజుల్లో ఒక ఉదయం మోజెల్ ఆంటీ మా గుమ్మం ముందుకు వచ్చింది. ఎప్పుడూ గోడ దగ్గరే మాట్లాడిన మనిషి ఆ రోజు గడప దాటి లోపలికి వచ్చి నిలబడింది. జాకెట్టు మెడ దగ్గర చిరిగి ఉంది. చిరిగింది కాదు, చింపుకున్నది; తోబుట్టువు పోతే వాళ్ళ ఆచారం అది. మామ్మ చూడగానే గ్రహించి ఆమె చెయ్యి పట్టుకుంది. తాత లేచి కోటు తొడుక్కున్నాడు. "ఎప్పుడు తీస్తారు?" అని మాత్రం అడిగాడు. ఆలస్యం చెయ్యకూడదు, మధ్యాహ్నమే అంది ఆమె.

తాత ఎవరినీ ఏదీ అడగని మనిషి. ఒకప్పుడు ఒక్క కేకకు పడవ నిండా జనం వచ్చేవారు. ఇప్పుడు పిలిస్తే రావలసిన అవసరం ఎవరికీ లేదు. ఆయన ఫెర్రీ ఎక్కి అవతలి గట్టుకు వెళ్ళాడు. అక్కడ గురువులు అనే పాత మేస్త్రీ పని చేస్తున్నాడు. ఏం జరిగిందో గురువులే తరవాత మా ఇంట్లో చెప్పాడు. తాతను చూసి ఆయన కంగారుపడి, "తవుకే, కబురెట్టొచ్చు గదా. మీరు రావడమేటి?" అన్నాడట. తాత, "కబురెడితే పని సెప్పినట్టుంటాది. ఇది పని కాదు. అడగడానికి ఒచ్చినాను" అన్నాడట. గురువులు సగం రోజు కూలి వదులుకున్నాడు. మిగతావాళ్ళను తీసుకొచ్చాడు. మధ్యాహ్నానికి మా వరండాలో పదకొండు మంది మగవాళ్ళు ఉతికిన చొక్కాలతో నిలబడి ఉన్నారు. ఒకరు ఎక్కువెందుకని మామ్మ అడిగితే తాత, "దారిలో ఎవడికన్నా కాలు బెణికితే?" అన్నాడు.

మాలో ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. వాళ్ళలోనూ వెళ్ళలేదు. నేను, మామ్మ పక్కింట్లోనే ఉండిపోయాం. ఆ ఇంటి లోపలికి నేను వెళ్ళింది అదే మొదటిసారి. అద్దాల మీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. మోజెల్ ఆంటీ ఇంట్లో ఉన్న నీళ్ళన్నీ, కూజాలోవి, బిందెలోవి, పూల గిన్నెలోవి కూడా పారబోస్తోంది. మామ్మ ఎందుకని అడగలేదు. చెంబు అందుకుని తానూ పారబోసింది. మా ఇంట్లో ఎవరు పోయినా అదే చేస్తాం. తరవాత ఆమె మోజెల్ ఆంటీ పొయ్యి వైపు చూసింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు, పక్కవాళ్ళు అన్నం తేవాలి. కానీ మా వంట వాళ్ళకు పనికిరాదు. మామ్మ నన్ను వీధి చివర అంగడికి పంపి కొత్త అల్యూమినియం గిన్నె తెప్పించింది. దాన్ని మూడుసార్లు కడిగి, మా పొయ్యి మీద నీళ్ళు, గుడ్లు తప్ప ఇంకేమీ తగలకుండా ఉడికించి తెచ్చింది. మోజెల్ ఆంటీ నేల మీద కూర్చుని ఆ గిన్నె వంక చూసింది. గుడ్డు ఒలుచుకుని తింది. మా రెండిళ్ళ మధ్య పచ్చిదే తప్ప వండినది చేతులు మారడం అప్పుడే చూశాను.

శ్మశానంలో ఏం జరిగిందో నాన్న చెప్పగా విన్నాను. వాళ్ళ మనుషులు నలుగురు వచ్చారు. అందరూ ముసలివాళ్ళు. ఒక దళసరి కళ్ళజోడు ఆయన పెద్ద. తలలు కప్పుకోమని ఆయన చెబితే మా వాళ్ళు తువాళ్ళు తలపాగాలు చుట్టుకున్నారు. పెట్టె దింపారు. తాత తన పదకొండు మందిని వరసగా నిలబెట్టి, "ఇంక కానీయండి" అన్నాడు. కళ్ళజోడు ఆయన తటపటాయించాడు. "తవుకే, మోసినందుకు దేవుడు మీకు మేలు చేస్తాడు. కానీ వీళ్ళు లెక్కలోకి రారు" అన్నాడు.

"మోసింది మావాళ్ళే కదా?"

"మోయవచ్చు. పది మంది మాత్రం మాలోవాళ్ళే అయి ఉండాలి."

తాతకు అప్పుడు అర్థమైంది. బరువుకు కాదు పది మంది. పెట్టె నిజానికి తేలికే ఉందట. నాన్న తల దించుకున్నాడు. మా వాళ్ళలో ఎవరో తెలుగులో, "మరి మనల్ని ఎందుకు రప్పించినట్టు?" అన్నాడు. తాత చెయ్యి ఎత్తి ఆపాడు. "ఏం మిగిలిపోతాది?" అని అడిగాడు. కళ్ళజోడు ఆయన, కీర్తనలు చదువుతామని, చివర్న చదవాల్సిన ప్రార్థన ఒక్కటి మాత్రం చదవడానికి వీల్లేదని చెప్పాడు. మళ్ళీ ఎప్పుడు చదవవచ్చునని తాత అడిగాడు. పది మంది దొరికినప్పుడు అన్నాడాయన. గుంత పూడ్చడం పూర్తయ్యే దాకా తాత తన మనుషుల్ని కదలనివ్వలేదు. వాన మొదలైనా వాళ్ళు అలాగే నిలబడ్డారు. లెక్కలోకి రాని పదకొండు మంది, ఒకరి పక్కన ఒకరు.

ఇంటికి వచ్చి తాత బావి దగ్గర తల మీంచి నీళ్ళు పోసుకున్నాడు. తువాలు అందించిన మామ్మతో, "మాట తీరలేదు" అన్నాడు. మామ్మ, "నువ్వు సేయగలిగింది సేసినావు" అంది. "సేయగలిగింది సేస్తానని కాదు నాను సెప్పింది. పది మందిని తెస్తానని సెప్పినాను."

నాన్న కోపం మరో దారిలో పోయింది. ఆ రాత్రి ఆయన గొంతు నాకు వంటింట్లోకి వినిపించింది. "ఆయనకి తెలీదా? ఆ రోజే సెప్పొచ్చు గదా, మీరు పనికిరారని. ఎర్రి తెలుగోడు ఏదో అన్నాడని లోపల నవ్వుకున్నాడు. మనల్ని ఊరంతా సూడగా వానలో నిలబెట్టినాడు."

"పోయిన మనిషిని అనకు" అన్నాడు తాత.

"నవ్వుకున్నాడా లేదా?"

ఆ ప్రశ్నే మా ఇంట్లో ఉండిపోయింది. ఆస్తి పోయినవాళ్ళకు అవమానం మాత్రం ఎక్కడికీ పోదు. పండగ భోజనాల దగ్గర కూడా అది ఏదో ఒక మాట పట్టుకుని బయటికి వచ్చేది.

అప్పటినుంచి తాతకు రేవుకు వెళ్ళడానికి పని దొరికింది. పరదేశపు ఓడ వచ్చిందంటే కోటు తొడుక్కుని వెళ్ళి, దిగిన నావికులను, "మీలో యహూదీలు ఉన్నారా?" అని అడిగేవాడు. కొందరు భయపడేవారు. కొందరు పోలీసు మనిషి అనుకునేవారు. రేవు పక్క టీ కొట్టు తమిళాయన ఆయన్ను చూసి, "ఏం తవుకే, ఇవాళ ఎందరు చిక్కారు?" అని ఎగతాళి చేస్తే, తాత, "నీ టీలో ఈగలకన్నా తక్కువే" అనేవాడు. ఒకసారి ఒక ఓడలో నిజంగా ఆరుగురు దొరికారు. తాత పరుగులాంటి నడకతో కళ్ళజోడు ఆయన ఇంటికి వెళ్ళాడు. అప్పటికి మా ఊళ్ళో వాళ్ళ నలుగురిలో ఇద్దరే మిగిలారు. ఇంకోసారి ముగ్గురు దొరికారు. అప్పటికి ఒక్కరు. అటు దొరికితే ఇటు తరిగేవారు. మోజెల్ ఆంటీ తమ్ముడి దగ్గరికి ఆస్ట్రేలియా వెళ్ళిపోయే రోజున తాత దగ్గరికి వచ్చి, "ఇంక చాలు అప్పన్న తవుకే, తాపా, పరవాలేదు" అంది. తాత, "మీకు పరవాలేదేమో" అన్నాడు. అది మొరటు మాటే. కానీ ఆయన లేచి నిలబడి అన్నాడు.

తాత పోయాడు. నలుగురేమిటి, వీధి నిండా జనం వచ్చారు. ఆ తరవాత ఇల్లు పోయింది. నాన్న పోయేంతవరకు అదే మాట అనేవాడు, నవ్వుకున్నాడని. నేను తాత పక్షాన నిలబడేదాన్ని, కానీ నాకూ తెలియదు. ఆ సాయంత్రం మెట్టు మీద కూర్చుని నేను చూసింది కప్పులోకి వంగిన ముఖాన్ని. అది నవ్వు దాచుకోవడమో మరొకటో, పిల్లదాన్ని, పోల్చుకోలేకపోయాను.

అందుకే పోయిన నెల రూత్ నన్ను రమ్మనగానే సరే అనలేదు. ముందు ఒక మాట అడగాలి అన్నాను. అడిగాను. మా తాత మాట ఇచ్చినప్పుడు మీ తాతయ్యకు తెలిసీ ఎందుకు ఊరుకున్నాడు?

ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మోజెల్ అత్తయ్య, మా నాన్నకు మేనత్త, మేమూ అలాగే పిలిచేవాళ్ళం, అదే అడిగిందట. వాళ్ళిద్దరికీ పెద్ద గొడవ అయిందట. రేపు నువ్వు పోతే ఆ పెద్దమనిషి అవమానపడతాడు, ఇప్పుడే చెప్పు అందట అత్తయ్య. తాతయ్య ఒప్పుకోలేదట. 'మా వాళ్ళు ఒక్కొక్కరే ఓడెక్కి వెళ్ళిపోతుంటే నాకు ఎవరూ ఈ మాట ఇవ్వలేదు. అప్పన్న ఇచ్చాడు. వద్దని ఎలా అంటాను?' అన్నాడట."

"ఆయనకు ఆ ప్రార్థన అక్కర్లేకపోయిందా?"

"చాలా కావాలి. రాదని తెలుసు. మాట అయినా ఉంటుందనుకున్నాడు." గ్లాసు పక్కకు జరిపి, "అది తప్పే అని అత్తయ్య చివరి దాకా అనేది" అన్నారు.

తప్పో ఒప్పో నేను తేల్చలేదు. కానీ ఆయన నవ్వుకోలేదు. నాన్న ఉంటే ఆ మాట ముఖం మీద చెప్పి ఉండేదాన్ని.

ఆదివారం ఎంతమంది వస్తారని అడిగాను. పది మంది, అందరూ మా కుటుంబమే, అయిదుగురు మగవాళ్ళు, అయిదుగురు ఆడవాళ్ళు అన్నారు రూత్. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. "మగవాళ్ళు పది మంది ఉండాలి" అన్నాను. ఆవిడ చిన్నగా నవ్వి, "మా పద్ధతిలో ఇప్పుడు ఆడవాళ్ళనూ లెక్కిస్తాం ఆంటీ" అన్నారు.

"హెస్కెల్ తవుకే ఒప్పుకునేవాడా?"

"ఒప్పుకునేవాడు కాదు." ఆవిడ అబద్ధం చెప్పలేదు. "మోజెల్ అత్తయ్య ఒప్పుకునేది."

ఆ వారమంతా ఆ సంగతే ఆలోచించాను. తాత ఓడల చుట్టూ తిరిగి వెతికింది మగవాళ్ళను. సగం లెక్కతో మాట తీరిందనుకోవడం నాకు మొదట రుచించలేదు. కానీ రెండేళ్ళ కిందట ఇపోలో మా అన్నయ్య పోయినప్పటి రోజు గుర్తుకొచ్చింది. భుజం పట్టే నలుగురు దొరకలేదు. అంత్యక్రియల కంపెనీ వాళ్ళు వ్యానులో తెచ్చి, చక్రాల బల్ల మీద తోసుకెళ్ళారు. కుర్రవాళ్ళు ఫోనులు పట్టుకుని నిలబడ్డారు. "అత్తా, ఇప్పుడు ఏం అనాలి?" అని వరసకు మేనల్లుడైన కుర్రాడొకడు ఇంగ్లీషులో అడిగాడు. గోవింద అనాలని చెప్పాను. వాడు అనలేకపోయాడు, సిగ్గుపడ్డాడు. నేనొక్కదాన్నే అన్నాను. అన్నయ్యకు కొడుకులు లేరు. కూతురు మీట నొక్కి నిప్పు పెట్టింది. మా మామ్మ చూస్తే గుండె పగిలేది. ఆ పిల్ల కాక ఇంకెవరు పెడతారు? ఆ రోజు నేనూ శ్మశానానికి వెళ్ళాను. నన్ను ఎవరూ ఆపలేదు, ఆపడానికి పెద్దలెవరూ లేరు. యూదుల వీధిలో ఒక్కొక్క ఇల్లే ఖాళీ కావడం పక్కింటి నుంచి చూసినవాళ్ళం మేము. అది వాళ్ళ కథ అనుకున్నాం.

ఆదివారం మామ్మ జరీ అంచు చీర కట్టుకుని వెళ్ళాను. గోడ లోపల తెల్ల సమాధులు, మధ్యలో గడ్డి. హెస్కెల్ తవుకే సమాధి మీద అక్షరాలు సగం చెరిగాయి. రూత్ మనుషులు పుస్తకాలు పంచుకుంటున్నారు. ఎర్ర జుట్టు పిల్ల ఒకతి, పదహారేళ్ళు ఉంటాయేమో, తనూ లెక్కలో ఉన్నానా అని పదే పదే అందరినీ అడుగుతోంది. రూత్ తండ్రి చేతికర్రతో నా దగ్గరికి వచ్చి, "మీరు మాతో పాటు వరసలో నిలబడండి. మీ తాతగారి స్థానం ఇది" అన్నాడు.

"మా తాత లెక్కలోకి రాలేదండీ" అన్నాను. "ఆయన వరస బయట నిలబడ్డాడు. నేనూ అక్కడే నిలబడతాను."

ఆయన వరసలోకి తిరిగి వెళ్ళాడు. నేను వాళ్ళ వెనక, గోడ వైపు నిలబడ్డాను. పది మంది ఒకరి పక్కన ఒకరు సర్దుకున్నారు. ముసలాయన మొదలుపెట్టాడు. ఆయన కొంత చదివి ఆగుతుంటే మిగతావాళ్ళు "ఆమెన్" అంటున్నారు. భాష తెలియకపోయినా, మా ఇళ్ళల్లో మంత్రం చదివినట్టే గొంతులో ఒక వరస ఉంది. వినడానికి సిద్ధపడి పైట సర్దుకున్నాను. చాలాసేపు పడుతుందనుకున్నాను. ఎన్నో ఓడల దగ్గర ఎదురు చూసిన దానికి చాలాసేపే పట్టాలి కదా. అంతలో వాళ్ళు పుస్తకాలు మూసేశారు.

ఇంకా ఉందేమోనని చూస్తూ నిలబడ్డాను. రూత్ వెనక్కి తిరిగి, "అయిపోయింది ఆంటీ" అన్నారు.

"అంతేనా?"

"అంతే. చిన్నదే."

ఎర్ర జుట్టు పిల్ల కళ్ళు తుడుచుకుంటోంది. నాకు ఏడుపు రాలేదు. నోట్లో ఒకే మాట కదిలింది. తెలుగులో అన్నాను కనుక అక్కడ ఎవరికీ తెలియలేదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

"పది మంది వచ్చినారు తాతా. అయిదుగురు ఆడోళ్ళే. నువ్వు ఒప్పుకోవు, నాకు తెలుసు. అయినా సదివేసినారు."